రెండు గరిటెల రసం

"రసం ఎవరు పోసిండ్రు అని సీఐ గారు అడిగారండీ. నేనే పోశానన్నాను. అంతే మేడం. అప్పట్నించి నన్ను కూర్చోనివ్వలేదు."

సూర్యాపేట పోలీస్ స్టేషన్‌లో రైటర్ గది పక్కన, గోడకు ఆనుకొని నిలబడి చెప్పింది అఖిల. పాతికేళ్ళు కూడా నిండని పిల్ల. కోదాడలో నర్సింగు నేర్చుకొని, రోగులున్న ఇళ్ళల్లో ఉండి వాళ్ళను చూసుకునే పని చేస్తుంది. వాళ్ళ నాన్న మత్తయ్య మాస్టారు ఆ ఉదయమే కోదాడలో నా ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు. "మా అమ్మాయిని హత్య కేసులో..." అని మొదలుపెట్టి మాట ముగించలేక కుర్చీ పట్టుకున్నాడు. నేను వెంటనే బయల్దేరాను. సగం ఆ పిల్ల కోసం. మిగతా సగం, కేసు పట్టుకున్న సీఐ రాజమల్లు అని తెలిసినందుకు.

రాజమల్లూ నేనూ ఒకే బ్యాచ్ ఎస్సైలం. లారీ దోపిడీ ముఠాను నేను పట్టుకుంటే ఫోటోలో వాడు నిలబడ్డాడు. వాడి భుజం మీద రెండు నక్షత్రాలు మూడయ్యాయి. నేను రాజీనామా ఇచ్చి, కోదాడలో జిరాక్స్ షాపు పైన "సావిత్రి డిటెక్టివ్ సర్వీసెస్" అని బోర్డు పెట్టుకున్నాను. వాణ్ణి చూస్తే నాకు ఇవాళ్టికీ కడుపు మండుతుంది. వాడి జీపు చూసినా మండుతుంది. దీన్ని అసూయ అంటారని తెలుసు. అననీయండి.

చనిపోయినవాడు లక్ష్మీనర్సయ్య. పెన్‌పహాడ్ మనిషి, యాభై ఏళ్ళు, గొర్రెల వ్యాపారం. రెండు కిడ్నీలూ పాడై ఏడాదిగా డయాలసిస్ మీద బతుకుతున్నాడు. సోమవారం ఒకసారి, గురువారం ఒకసారి. అందుకే ఆస్పత్రి దగ్గర ఒక పోర్షన్ కిరాయికి తీసుకున్నారు. ఇంట్లో ఆయన, భార్య ధనలక్ష్మి, పనికి కుదిరిన అఖిల. నిన్న ఆదివారం తెల్లవారేసరికి కాళ్ళూ చేతులూ కదపలేకపోయాడు. ఆస్పత్రికి చేర్చేలోపు గుండె ఆగింది. రక్తం పరీక్షలో పొటాషియం మనిషి తట్టుకోలేనంత తేలింది.

పొద్దున నేను ఫోన్ చేస్తే డాక్టరు విడమరిచి చెప్పాడు. "మీరూ నేనూ గ్లాసెడు బత్తాయి జ్యూస్ తాగితే అందులో ఎక్కువైన పొటాషియాన్ని కిడ్నీలు బయటికి పంపేస్తాయి. ఈయనకు ఆ దారి లేదు. రక్తంలోనే పోగుపడి గుండెను పట్టేస్తుంది. బత్తాయి, కొబ్బరినీళ్ళు, అరటిపండు దగ్గరికే రానివ్వొద్దని ఇంట్లో అందరికీ చెప్పాం. ఎవరో ఇచ్చారు. బాగా ఇచ్చారు."

ఆ మాటే రాజమల్లు చెవిన కూడా పడింది. నేరుగా ఇంటికెళ్ళి, రసం ఎవరు పోశారని అడిగాడు. ఈ పిల్ల నేనే అంది.

"ఎప్పుడు పోశావ్?" అన్నాను.

"శనివారం మధ్యాహ్నం. రాత్రికి ఆకలి లేదన్నారు."

"ఎంత?"

"రెండు గరిటెలు."

నేను తలెత్తాను. "మళ్ళీ చెప్పు."

"రెండే గరిటెలండీ. ఎక్కువేం పోయలేదు. ఆయనకి నీళ్ళు కొలిచి ఇవ్వాలి కదా. అన్నం తడిసేంత, అంతే."

"ఇది సీఐకి చెప్పావా?"

"చెప్పానండీ. రెండా, మూడా అని గట్టిగా అడిగారు. రెండే అన్నాను."

నాకు నవ్వొచ్చింది. ఏడుస్తున్న పిల్ల ఎదురుగా నవ్వకూడదు, కానీ ఆగలేదు. కోదాడలో రసమంటే అన్నంలో పోసుకునేది. అక్కడ ఆంధ్ర గాలి తగులుతుంది. సూర్యాపేటలో, పెన్‌పహాడ్‌లో దాన్ని చారంటారు, రసమంటే పండు పిండితే కారేది. రాజమల్లుది జగిత్యాల. వాడు బత్తాయి రసం గురించి అడిగాడు. ఈ పిల్ల మిరియాల చారు గురించి ఒప్పుకుంది. బత్తాయి రసాన్ని ఎవరైనా గరిటెతో పోస్తారా? పోలీసు బుర్రకు తట్టలేదు.

"అందులో ఏమేశావ్?"

"మిరియాలు, జీలకర్ర, నాలుగు చుక్కలు నిమ్మకాయ. చింతపండు, టమాటా వేయను. వాటిల్లో కూడా పొటాషియం ఉంటది."

"దాహమైతే ఏం చేసేవాడు?"

"ఐసు ముక్క చప్పరించేవారు. గ్లాసు నీళ్ళు తాగే బదులు ఒక్క ముక్కతో సరిపోతుందని డాక్టరుగారే చెప్పారు. మొదట్లో నేనే ఇచ్చేదాన్ని. పది రోజుల్నించి అమ్మగారే ఇస్తున్నారు. నన్ను ఫ్రిజ్ ముట్టుకోనివ్వట్లేదు."

"ఎందుకు?"

అఖిల తల దించుకుంది. "ఆయన ఏది కావాలన్నా 'అఖిలా' అని పిలిచేవారు. అమ్మగారికి నచ్చేది కాదండీ."

నేను లేచి రాజమల్లు గదిలోకి వెళ్ళాను. ఏసీ పెట్టించుకున్నాడు. నేను సర్వీసులో ఉన్నప్పుడు ఆ గదిలో తిరగని ఫ్యాను ఒకటి ఉండేది.

"అచ్చినవా? నా కేసు ఏడున్నా నీకు వాసనొస్తది," అన్నాడు రాజమల్లు, కుర్చీ చూపించకుండా.

"ఆ పిల్ల పోసింది చారు, రాజమల్లూ."

"రసం పోసిన అన్నది. ఇద్దరు పంచు సాక్షుల ముంగట."

"గరిటెతోనా?"

వాడు ముందున్న వాంగ్మూలం కాగితం లాక్కొని మళ్ళీ చదివాడు. వాడు తెలివితక్కువవాడు కాదు. అదే నాకు మరీ మంట. కాగితం పక్కన పెట్టి, మొహం గట్టిగా పెట్టుకున్నాడు.

"సరే, చారే అనుకుందాం. మరి పొటాషియం ఎక్కడికెల్లి అచ్చింది? ఇంట్ల ఉన్నది ఇద్దరే ఆడోళ్ళు. ఒకామె పెండ్లాం. కంప్లయింట్ ఇచ్చిందే ఆమె. మొగుడు పోయి ఏడుస్తుంటే ఆమెను తెచ్చి లోపలెయ్యాల్నా? ఈమెకు సదువుంది. ఏది పోస్తే పానం పోతదో తెలుసు."

"ఎందుకు చంపుతుంది?"

"ఎందుకో కోర్టుల తేలుతది. నాలుగింటికి ప్రెసోళ్ళు అస్తున్నరు. ఈమె మొఖానికి తువ్వాల కప్పి ముంగట నిలబెడ్త. అటెన్క మేజిస్ట్రేట్. గంటన్నర ఉన్నది నీకు. ఏమన్న దొరికితే పట్టుకరా పో."

తువ్వాల కప్పినా పేరు రాస్తారు. ఊరు రాస్తారు. ఆ తర్వాత నిర్దోషి అని తేలినా, ఏ ఇంట్లోనూ ఏ రోగి దగ్గరికీ ఆ పిల్లను రానివ్వరు. పెళ్ళి మాట సరేసరి. మత్తయ్య మాస్టారు బయట బెంచీ మీద కూర్చొని నా వైపే చూస్తున్నాడు.

"నువ్వూ రా," అన్నాను. "నాకు ఒంటరిగా దొరికితే నేనే పెట్టానంటావ్."

"అంట," అని ఒప్పుకొని టోపీ తీసుకున్నాడు.

ఇల్లు ఆస్పత్రి వెనక సందులో. రెండు గదులు, వంటిల్లు. పోస్టుమార్టం అయిపోవచ్చింది. బంధువులంతా ఆస్పత్రి గేటు దగ్గర ఉన్నారు. ధనలక్ష్మి ఒక్కతే మంచం కోడుకు ఆనుకొని నేల మీద కూర్చుని ఉంది. నలభై అయిదేళ్ళుంటాయి. కళ్ళు ఎండిపోయి ఉన్నాయి. ఖాకీ చూసి కొంగు సర్దుకుంది.

"దానికి శిక్ష పడ్తదా సారూ?" అనడిగింది. మొదటి మాట అదే.

నేను చెత్తబుట్ట తిరగేశాను. బత్తాయి తొక్క లేదు, గింజ లేదు. వంటింట్లో రసం పిండే మిషన్ లేదు, జల్లెడకు పండు వాసన లేదు. వీధి చివర చెత్తకుప్ప దాకా పోయి వచ్చాను. పండ్లు ఈ ఇంట్లో పిండలేదు.

"బయటికెల్లి తెచ్చి పోసి ఉంటది," అన్నాడు రాజమల్లు తలుపు దగ్గర నిలబడి.

"ఆ పిల్ల బయటికి పోదు. నీ కానిస్టేబులే పక్కింటివాళ్ళను అడిగాడు కదా?"

 నేను వంగి మంచం కింద చూశాను. స్టీలు గిన్నె ఒకటి ఉంది. రోగి చేతికి అందేంత దూరంలో, ఐసు ముక్కలు వేసి ఇచ్చే గిన్నె. దాని అంచు చుట్టూ చీమలు. గోడ పగులు నుంచి బారు కట్టి వచ్చి ఎక్కుతున్నాయి.

"చీమలు ఏడ లేవు?" అన్నాడు వాడు.

"నీళ్ళ గిన్నెకు ఎందుకు పడతాయి?"

వాడు కూడా వంగాడు. ఇద్దరం ఒకేసారి లేచాం. ధనలక్ష్మి మా ఇద్దరినీ చూసి, లేచి వెళ్ళి వంటింటి గడప మీద, ఫ్రిజ్‌కు అడ్డంగా కూర్చుంది.

"ఐసు నువ్వే ఇచ్చేదానివట కదా అక్కా?"

"నీళ్ళ ఐసే. డాక్టర్ ఇయ్యమన్నడు. రసం మాత్రం ఆ పోరి పోసింది. నా కండ్లార సూసిన."

"ఫ్రిజ్ చూడొచ్చా?"

"నా మనిషి ఆడ దవాఖానల పడున్నడు. నా ఇల్లు నన్ను ఏడ్వనియ్యరా మీరు?"

రాజమల్లు నన్ను కళ్ళతో వెనక్కి లాగాడు. ఆమెను లాగిపారేసి ఫ్రిజ్ తెరవొచ్చు. తెరిస్తే వస్తువు దొరుకుతుంది, నోరు మూతపడుతుంది. నాకు వస్తువు కంటే ఆమె నోరు కావాలి. ఆ నోరు ఎలా తెరవాలో నాకు తెలుసు. ఇంకొకరి భుజం మీద మూడో నక్షత్రం చూసి ఆరేళ్ళు కాలిపోయినదాన్ని. ఆ మంట ఎక్కడ ఊదితే లేస్తుందో నాకు కాకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

నేను రాజమల్లు వైపు తిరిగి, మామూలుగా అన్నట్టు అన్నాను. "అయినా అదృష్టం అంటే అఖిలదే. ఆస్పత్రిలో అందరూ అదే చెప్పుకుంటున్నారు. ఆఖరి రోజుల్లో ఆయన ఆ పిల్ల చేతిది తప్ప నోట పెట్టలేదట. ఆ పిల్ల ఇచ్చిన రసం తాగి, ఇంత రుచి ఎన్నడూ ఎరగనన్నాడట. ప్రాణం పోతుందని తెలిసినా అడిగి తాగేవాడేమో అంటున్నారు."

పచ్చి అబద్ధం. రాజమల్లుకు అర్థమైంది. వాడు కూడా నిట్టూర్చి, "అవ్, రేపు పేపర్ల గూడ గట్లనే అస్తది," అన్నాడు. ఆ ఒక్క క్షణం వాణ్ణి మెచ్చుకున్నాను.

ధనలక్ష్మి గిరుక్కున మా వైపు తిరిగింది.

"ఎవడన్నడు?"

"అందరూ."

"ఎవని నోట్లె మన్నువడ! దాని చేతిది ఏముంటది? మిరియాల నీళ్ళు. ఉప్పు ఉండదు, పులుపు ఉండదు. మొఖం చిట్లించుకొని తింటుండె నా మనిషి!" ఆమె గడప పట్టుకొని లేచింది. "పది దినాలసంది నా చేతికెల్లి తప్ప ముట్టలే. 'ధనమ్మా, ఇంకోటి పెట్టవే' అని చెయ్యి జాపుతుండె. ఇరవై అయిదేండ్ల కాపురంల గట్ల ఎన్నడన్న పిలిచిండా నన్ను? అఖిల అన్న పేరే మర్చిపోయిండు. పేపర్ల రాస్తరా? రాస్తే నా పేరు రాయుండ్రి!"

ఫ్రిజ్ తలుపు తానే తెరిచింది. పై అరలో, నీళ్ళ ఐసు ట్రే వెనక, పాత గుడ్డ చుట్టిన స్టీలు టిఫిన్ డబ్బా తీసి నా ముందు పెట్టింది. మూత కూడా తానే తీసింది. గోధుమ రంగు తిరిగిన పసుపు ముక్కలు. అడుగున నాలుగో అయిదో మిగిలాయి.

"ఆయన నోటి కాడిది. పారెయ్య పానమొప్పలే," అంది.

ఒక ముక్క అంచు విరిచి నాలుక మీద పెట్టుకున్నాను. బత్తాయి, కొబ్బరినీళ్ళు, చాలా చక్కెర. అంత తీపి వెనక నుంచి కూడా చేదు తన్నుకొచ్చింది. రాజమల్లు కూడా రుచి చూసి మొహం ముడిచాడు.

"చేదున్నది."

"బత్తాయిని కాస్తే చేదెక్కుతుంది. జ్యూస్ బండివాణ్ణి ఎవరినైనా అడుగు, దాన్ని పొయ్యి దగ్గర కూడా పెట్టడు. రుచి కోసం చేసినవాడు కాయడు రాజమల్లూ. గంపెడు కాయల రసాన్ని డబ్బాలో పట్టించాలనుకున్నవాడు కాస్తాడు. నీళ్ళు ఎగిరిపోతాయి. పొటాషియం ఎగిరిపోదు." నేను ఆమె వైపు తిరిగాను. "ఇది నువ్వు చేసింది కాదు. ఎవరు తెచ్చారక్కా?"

ఆమె మొహంలో వేడి ఇంకా చల్లారలేదు. అందుకే వెంటనే చెప్పింది. "మా మరిది. ఉపేందర్. మిర్యాలగూడల జ్యూస్ సెంటర్ ఉన్నది. తెర్మకోల్ పెట్టెల పెట్టుకొని బండి మీద తెచ్చిండు. 'జ్యూస్ తాగొద్దన్నరు గని, ఐసు చప్పరియ్యొచ్చన్నరు గద వదినా, ఇది ఐసే' అన్నడు. 'ఆ పిల్లకు చెప్పకు. చెప్తే ఆమెనే ఇస్త అంటది. ఇగ అన్న నీ మొఖం సూడడు' అన్నడు."

"మొదటి నుంచీ ఇలాగే చేదుగా ఉందా?"

"లేదు. ముందటియి పల్చగ ఉండె, కమ్మగ ఉండె. శుక్రవారం తెచ్చింది గిట్ల ఉన్నది. 'ఇది బలానికి, ఎక్కువ పెట్టు' అన్నడు."

శుక్రవారం. గురువారం డయాలసిస్ అయ్యాక మళ్ళీ సోమవారం దాకా లేదు. వారంలో పెద్ద ఎడం అది. ఒంట్లో చేరినదాన్ని తీసే మిషన్ నాలుగు రోజులు దొరకదు. ముందు పల్చటివి ఇచ్చి నాలుకకు అలవాటు చేసి, ఆ ఎడం చూసి చిక్కటిది పంపారు.

"తెల్వక చేసిండేమో," అన్నాడు రాజమల్లు. వాడి గొంతులో పట్టు సడలింది, కానీ ఓడిపోవడం ఇష్టం లేదు. "తమ్ముడు. పానం బాగుండాల్నని తెచ్చిండు. ఆమెకు తెల్వలే, ఆయనకు తెల్వలే. నువ్వు ప్రతిదాంట్ల ఖూనీ సూస్తవు."

"నువ్వు చారులో చూశావ్," అని డాక్టరుకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను.

"ఉపేందర్‌కు పొటాషియం సంగతి తెలుసా డాక్టర్?"

"అదేం మాటమ్మా? కిడ్నీ ఇవ్వాల్సింది ఆయనే కదా! వచ్చే బుధవారం హైదరాబాద్‌లో ఆపరేషన్ పెట్టుకున్నాం. అప్పటిదాకా అన్నను ఎలా కాపాడుకోవాలో ఆయన్నే కూర్చోబెట్టి చెప్పాం. ఏది ఎంత లోపలికి పోతే ప్రమాదమని రెండుసార్లు అడిగాడు. ఇంత ప్రేమగల తమ్ముణ్ణి నేను చూడలేదు అనుకున్నాను."

ఫోన్ పెట్టేశాను.  ధనలక్ష్మి డబ్బా వైపు చూస్తోంది. మూత చేతిలోనే ఉంది.

"ఏమంటుండు డాక్టరు?" అంది నెమ్మదిగా. "ప్రమాదమా? ఐసా?"

చెప్పక తప్పలేదు. చెప్పకపోతే అఖిల ఆ గోడకు ఆనుకొనే నిలబడి ఉంటుంది. ఆయన చెయ్యి జాపి అడిగి తీసుకున్న ఒక్కొక్క ముక్కా ఏమిటో చెప్పాను. ఆమె వింది. అరవలేదు. మూతను డబ్బా మీద పెట్టి, అది సరిగ్గా కూర్చోకపోతే మళ్ళీ మళ్ళీ నొక్కింది. జీవితంలో ఒక్కసారి దక్కిన పిలుపును నేను ఆమె చేతిలోంచి లాక్కున్నాను. నా మీద నాకే రోత పుట్టింది.

రాజమల్లు సెల్ తీసి స్టేషన్‌కు చెప్పాడు. "ఆ పిల్లను కుర్చీల కూసోబెట్టుండ్రి. చాయ్ ఇయ్యుండ్రి. వాళ్ళ నాయినను లోపలికి పిలువుండ్రి." ఒక క్షణం ఆగి, "ప్రెసోళ్ళను మాత్రం ఉండమనుండ్రి," అన్నాడు. నాలుగింటికి ఫోటోలో నిలబడేది మళ్ళీ వాడేనని నాకు అర్థమైపోయింది. ఆ విషాదంలో కూడా నా కడుపు మండింది.

సందులో బండి ఆగింది. దాని వెనకే వ్యాన్ చప్పుడు.

"వదినా, అన్నను ఇచ్చిండ్రు. నడువు, ఊరికి పోదాం," అంటూ ఉపేందర్ లోపలికొచ్చాడు. నలభై ఏళ్ళవాడు. అన్న పోలికే. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి. దొంగ ఏడుపు కాదది. ఖాకీని చూసి దండం పెట్టబోయాడు. డబ్బాను చూసి చేతులు సగంలో ఆపాడు.

"కడిగి పెట్టమంటి గద వదినా," అన్నాడు.

"ఎందుకు కడగాలి?" అన్నాను.

"సచ్చినోని ఎంగిలి, ఇంట్ల ఎందుకని..."

"జ్యూస్ సెంటర్ వాడివి. బత్తాయిని ఎందుకు కాచావ్?"

"నేను కాసిన్నా?" పెదవి తడుపుకున్నాడు. "చిక్కగ ఉంటదని."

"చిక్కగా ఎందుకు?"

"అన్నకు నీళ్ళు కొలిచి ఇయ్యాలె గద. తక్కువ నీళ్ళల్ల ఎక్కువ..." అక్కడ ఆగాడు. తన మాట తనకే వినబడింది.

"ఎక్కువ ఏమిటి?" అన్నాడు రాజమల్లు. వాడు అప్పటికే తలుపుకు అడ్డం వచ్చి నిలబడ్డాడు.

ఉపేందర్ మమ్మల్ని చూడలేదు. వదిననే చూశాడు. ఆమె కూడా అతన్ని చూసింది.

"అన్నీ ఆయనకే," అన్నాడు ఉపేందర్. గొంతు పెద్దది చేయలేదు. "మంచి చెలక భూమి ఆయనకు. గొర్ల మంద ఆయనకు. నాయిన పోయేటప్పుడు గూడ ఆయన చెయ్యే పట్టుకున్నడు. పోనియ్ అనుకున్న. మిర్యాలగూడ పోయి నా బతుకు నేను బతికిన. ఆఖరికి నా ఒంట్లది గూడ ఆయనకే. ఎవ్వరన్న అడిగిండ్రా నన్ను, ఇస్తవా అని? తమ్మునిది కలిసింది, తమ్ముడిస్తడు అని వాళ్ళకు వాళ్ళే చెప్పుకున్నరు. నా పెండ్లాం కల్పన రోజు ఏడుస్తది. కోస్తే నేను లేవకపోతే? వద్దంటే ఊళ్ళె తిరగనిస్తరా? అన్నను సంపినోడు అంటరు."

చివరి మాట అన్నాక తానే ఉలిక్కిపడ్డాడు.

"అడగలేదు నిన్ను. నిజమే," అంది ధనలక్ష్మి.

ఆమె లేచి అతని దగ్గరికి నడిచింది. కొడుతుందేమో అనుకొని నేను ముందుకు కదిలాను. కొట్టలేదు.

"గురువారం దవాఖాన నుంచి ఒచ్చినంక నీ అన్న నాతోని ఒక మాట అన్నడు ఉపేందరూ. 'వాని కండ్లల్ల భయం కనవడుతుంది. వాడు నోరు తెరిచి చెప్పలేడు. వానిది నాకొద్దు. పిల్లలున్నోడు. ఎన్ని దినాలుంటే గన్ని దినాలుంట. డాక్టర్‌కు నేను చెప్పుకుంట. నువ్వు వానికి ఇయ్యాల్లనే ఫోన్ చెయ్యి, నిమ్మళంగ పండుకుంటడు' అన్నడు."

 గురువారం ఆ ఫోన్ వచ్చి ఉంటే శుక్రవారం డబ్బా వచ్చేది కాదు. అది మా నలుగురికీ ఒకేసారి తట్టింది.

"మరి చెయ్యలేదేంది వదినా?"

"చేస్తే నువ్వియ్యవు గద," అంది ధనలక్ష్మి. "నాకు నా మనిషి కావాలె."

బయట వ్యాన్ డ్రైవర్ హారన్ కొట్టాడు.